బొగ్గుబాయి డాక్టరు, పార్లమెంటు మెంబరు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు "డాక్టరు రాజకీయాల్లోకి పోవడమంటే రోగిని మంచం మీద వదిలేసి పోవడమే" అని రాశారు. ఆ మాట నన్ను మూడు రోజులు వదల్లేదు. నేను ముప్ఫై రెండేళ్లు బొగ్గుబాయి కార్మికులకు, వాళ్ల ఇళ్లవాళ్లకు వైద్యం చేసి రిటైరయినవాణ్ని. నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఉత్తరం పొడుగైతే మన్నించండి, చెప్పాల్సిన సంగతి కాస్త దూరం నుంచి మొదలవుతుంది.

ఆ పాఠకుడు బహుశా మన నాయకుల్ని మనసులో పెట్టుకుని రాసి ఉంటారు. మన దగ్గర పులివెందులలో వైద్యం చేసిన రాజశేఖరరెడ్డి గారు, నరసరావుపేటలో ఆపరేషన్లు చేసిన కోడెల శివప్రసాదరావు గారు రాజకీయాల్లో ఎంత దూరం వెళ్లారో అందరికీ తెలుసు. వాళ్ల మంచిచెడ్డలు వాళ్లకు ఓటేసినవాళ్లు, వెయ్యనివాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. నేను చెప్పబోయే డాక్టరుకు మనతో ఏ చుట్టరికమూ లేదు. ఆయన పేరు యాన్ బూజెక్. 1874లో పుట్టాడు, 1940లో చనిపోయాడు. చెకోస్లొవేకియా పార్లమెంటులో పోలిష్ మైనారిటీ తరఫున కూర్చున్నాడు. ఆయన కూడా నాలాగే బొగ్గుబాయిల మధ్య వైద్యం చేసినవాడు.

మా చిన్నమ్మాయి, అల్లుడు చెక్ దేశంలో ఒస్త్రవా అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. రెండేళ్ల కిందట వేసవిలో వాళ్ల దగ్గర మూడు నెలలు ఉన్నాను. దిగిన రెండో రోజే నాకు ఆ ఊరు పరాయిగా అనిపించలేదు. ఊరి నడుమనే ఎమా అని ఒక గుట్ట ఉంది. గనుల్లోంచి తీసి పోసిన మట్టీ రాయీ పేరుకుని గుట్టయింది, లోపల ఇప్పటికీ రగులుతూనే ఉంటుంది. దాని మీదికి ఎక్కితే అక్కడక్కడా పొగ వస్తుంటుంది, కాళ్ల కింద వెచ్చగా తగులుతుంది. మన ఓపెన్‌కాస్టుల పక్కన మట్టి గుట్టలు చూస్తూ బతికినవాణ్ని కదా, చెప్పులు విడిచి కాసేపు అక్కడే నిలబడ్డాను. అమ్మాయి ఏమైంది నాన్నా అని కంగారు పడింది.

అమ్మాయి ఆఫీసులో పనిచేసే ఒకతను ఆ ప్రాంతపు పోలిష్ కుటుంబంవాడు. ఒక శనివారం మమ్మల్ని కారులో కర్వినా వైపు తీసుకెళ్లాడు. అక్కడ పొలాల మధ్య ఒంటరిగా ఒక చర్చి ఉంది. కింద బొగ్గు తవ్వేయడంతో నేల కుంగి కుంగి, ఆ చర్చి ఉన్నచోటే 37 మీటర్లు కిందికి దిగిపోయింది. అంటే పన్నెండు అంతస్తుల మేడంత. కూలలేదు గానీ ఒక పక్కకు ఒరిగిపోయి నిలబడి ఉంది. లోపలికి అడుగుపెడితే మనకే కళ్లు తిరిగినట్టుంటుంది, నేల ఒకవైపుకు జారుతుంటుంది. దాని చుట్టూ ఒకప్పుడు ఊరుండేదట, బజారుండేదట. ఇప్పుడు గడ్డి, చెట్లు. నేల కుంగి ఇళ్లు పగుళ్లిచ్చినప్పుడు జనం పడే టెన్షన్ నాకు తెలుసు కాబట్టి ఆ గడ్డి చూసి నాకు మాట రాలేదు.

అక్కడికి దగ్గర్లోనే ఉంది దౌబ్రవా. పోలిష్‌లో డొంబ్రోవా అంటారు. ఆ ప్రాంతంలో ప్రతి ఊరికీ రెండు పేర్లు. మా వెంట వచ్చిన కుర్రవాడి తాతగారు ఆ ఊళ్లోనే ఉంటారు, రిటైరయిన గని కార్మికుడు. నేను కూడా గని డాక్టర్నని మనవడు చెప్పగానే ఆయన లేచి నిలబడి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతుల మీద నల్లటి నీలటి గీతలు ఉన్నాయి. గాయంలో బొగ్గు పొడి ఉండిపోయి పైన చర్మం మూసుకుంటే అలాంటి మచ్చ పడుతుంది, జన్మలో పోదు. మా కార్మికుల చేతుల మీద ఎన్ని చూశానో. భాష తెలియకపోయినా ఆ మచ్చ చదవగలిగాను. ఆయనే నాకు డాక్టరు బూజెక్ పేరు మొదట చెప్పారు. "మా నాన్న వాళ్ల డాక్టరు" అన్నారు, అంతే. తర్వాత ఇంటికి వచ్చి అమ్మాయి సాయంతో చదివి మిగతాది తెలుసుకున్నాను.

బూజెక్ పుట్టిన ఊరు కోన్స్కా, ఇప్పుడు త్రినెత్స్ అనే ఉక్కు పట్టణంలో కలిసిపోయింది. అప్పుడు అదంతా ఆస్ట్రియా రాజ్యం. పల్లెల్లో జనం మాట్లాడేది పోలిష్‌లో ఒక యాస, దాన్ని వాళ్లు "పో నాషిము" అంటారు, అంటే "మన తీరుగా" అని. భాషకు పేరు కూడా పెట్టకుండా మన తీరు అనుకోవడం నాకు చాలా నచ్చింది. పై అధికారుల భాష జర్మన్. గనుల్లోకి అదే ఆస్ట్రియా రాజ్యంలోని గలీషియా ప్రాంతం నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన పోలిష్ కూలీలు వేలల్లో ఉండేవారు. బూజెక్‌కు ఇరవై ఏళ్లప్పుడు, 1894 జూన్‌లో, కర్వినా గనుల్లో గ్యాసు పేలి 235 మంది పోయారు. ఆ వయసులో, ఆ నేల మీద పెరిగిన కుర్రవాడు డాక్టరై అదే బొగ్గు ప్రాంతంలో వైద్యానికి కూర్చున్నాడు.

1918లో ఆస్ట్రియా సామ్రాజ్యం కూలింది. ఆ జాగా మాదంటే మాదని కొత్తగా పుట్టిన రెండు దేశాలూ పట్టుబట్టాయి. పోలండ్‌కు అక్కడ తమవాళ్లున్నారు. చెకోస్లొవేకియాకు అక్కడి బొగ్గు కావాలి, స్లొవేకియాకు పోయే రైలు దారి కూడా ఆ ప్రాంతం గుండానే పోతుంది. 1919 జనవరిలో వారం రోజులు యుద్ధం కూడా జరిగింది. జనాభిప్రాయం అడుగుతామన్నారు, అడగలేదు. 1920 జులై 28న పెద్ద దేశాల రాయబారులు కూర్చుని ఓల్జా అనే చిన్న నది వెంట గీత గీసేశారు. చెషిన్ పట్టణం నడిమికి చీలింది. పాత కోట, బజారు పోలండ్‌కు, రైల్వే స్టేషను చెకోస్లొవేకియాకు. నేను ఆ వంతెన మీద నడిచాను, అటు నుంచి ఇటు రావడానికి మూడు నిమిషాలు పట్టలేదు. నదికి ఆవల పడిపోయిన పోలిష్ జనం ఉన్న ఆ ముక్కను "జావోల్జే" అంటారు, ఓల్జాకు అవతలిది అని.

ఒక్క సంగతి చెబితే ఆ గీత ఎలాంటిదో తెలుస్తుంది. అదే కోన్స్కాలో, బూజెక్ కంటే ఒక ఏడాది ముందు, 1873లో, యూజెఫ్ బూజెక్ అని ఇంకొకాయన పుట్టాడు. ఆయన పోలండ్ కేంద్ర గణాంక కార్యాలయానికి మొదటి డైరెక్టరయ్యాడు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో పుట్టిన ఇద్దరిలో ఒకరు వార్సాలో పోలండ్ జనాన్ని లెక్కపెట్టే పదవిలో, ఇంకొకరు ప్రేగ్‌లో మైనారిటీ ప్రతినిధిగా.

ఇక ఎన్నికల సంగతి. చెకోస్లొవేకియా ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల దేశాలతో పోలిస్తే మంచి ప్రజాస్వామ్యమే. కానీ చట్టంలో ఒక మెలిక ఉండేది. ఏదో ఒక నియోజకవర్గంలో నిర్ణీత సంఖ్యలో ఓట్లు రాకపోతే, దేశమంతటా ఎన్ని వచ్చినా ఆ పార్టీకి సీటు లేదు. పోలిష్ వాళ్లు ఒక మూలనే గుంపుగా ఉన్నారు గానీ మొత్తం మీద తక్కువ మంది. యూదులు దేశమంతా చెదిరి ఉన్నారు, ఒక్కచోట బలం లేదు. ఈ రెండు లోట్లూ ఒకదానికొకటి సరిపోయాయి. 1929 అక్టోబర్ ఎన్నికల్లో పోలిష్ పార్టీలు, యూదు పార్టీ కలిసి ఒకే జాబితా పెట్టి లక్షకు పైగా ఓట్లు తెచ్చుకున్నాయి. 300 సీట్ల సభలో నాలుగు దక్కాయి. యూదుల తరఫున లుద్విక్ సింగర్, యూలియస్ రైస్. పోలిష్ వాళ్ల తరఫున సోషలిస్టు నాయకుడు ఇమాన్యుయేల్ ఖొబోత్, డాక్టరు యాన్ బూజెక్. బూజెక్ లూథరన్ క్రైస్తవుడు, రైతుల పక్షం పార్టీవాడు. మతం వేరు, సిద్ధాంతం వేరు, భాష వేరు. అయినా తమ మాట వినబడాలంటే పక్కవాడి మాటా వినబడాలని ఆ నలుగురి వెనకున్న జనానికి అర్థమైంది. 1920ల యూరప్‌లో ఇది తేలిక విషయం కాదు. ఈ ఒక్క కారణానికే ఆ ఎన్నికను మన పిల్లలు చదువుకోవాలంటాను.

ఆయన 1935 వరకు సభలో ఉన్నాడు. ఏం సాధించాడు అని అడుగుతారేమో. 300 మందిలో ఇద్దరు ఏ చట్టాన్నీ ఆపలేరు. అసలు పోరాటం ఊళ్లలో, బళ్ల దగ్గర. జావోల్జే పోలిష్ వాళ్లకు 1921 నుంచే "మాచెష్ ష్కోల్నా" అనే సొంత విద్యా సంఘం ఉంది, చందాలు వేసుకుని పోలిష్ బళ్లు నిలబెట్టుకునేవారు. గనిలోనో రైల్వేలోనో పనిచేసే తండ్రి మీద, పిల్లవాణ్ని చెక్ బడిలో వెయ్యమని ఒత్తిడి ఉండేది. ఇందులో డాక్టరుకు ఏం పని అంటే, గని ఊళ్లో డాక్టరుకు అన్నీ తెలుస్తాయి. నా దగ్గరికి అన్‌ఫిట్ చేయమని, అంటే గని పనికి పనికిరాడని రాయమని వచ్చేవాళ్లు ఉండేవారు, అన్‌ఫిట్ చేయొద్దని కాళ్ల మీద పడేవాళ్లు కూడా ఉండేవారు. ఊపిరితిత్తుల ఎక్స్‌రే చేతిలో పట్టుకుని కూతురి పెళ్లి గురించి, కొడుకు ఉద్యోగం గురించి చెప్పుకునేవారు. యూనియన్ లీడరుకు చెప్పనిది, భార్యకు చెప్పనిది డాక్టరుకు చెబుతారు. అలాంటి మాటలు ఏళ్ల తరబడి విన్న మనిషి సభలో నిలబడితే, ఆ సభకు ఇంకో దారిలో రాని సంగతి వస్తుంది. 1935లో ఆ పోలిష్ జనం లియోన్ వోల్ఫ్ అనే ఆయన్ని ప్రేగ్‌కు పంపారు. ఈసారి స్లొవాక్ స్వయంపాలన పార్టీలతో కలిసిన జాబితాలో.

తర్వాతి కథ చెప్పాలంటే కష్టంగా ఉంది. 1938 అక్టోబర్ మొదట్లో, హిట్లర్ చెకోస్లొవేకియాను చీల్చిన వారంలోనే, పోలండ్ సైన్యం వచ్చి జావోల్జేను కలిపేసుకుంది. పోలిష్ జనం చాలామంది పూలు చల్లారు. కానీ ఆ తర్వాత చెక్ బళ్లు మూతపడ్డాయి, చెక్ కుటుంబాలు వేల సంఖ్యలో ఇళ్లు వదిలి పోయాయి. నిన్న తమకు జరిగింది ఇవాళ ఎదుటివాళ్లకు జరిగింది. అది తప్పు, అప్పుడూ తప్పే. పదకొండు నెలలు తిరక్కుండానే జర్మన్లు దిగారు. 1940 వసంతంలో ఆ ప్రాంతపు పోలిష్ టీచర్లను, మతగురువులను, చదువుకున్నవాళ్లను ఏరి ఏరి పట్టుకుని క్యాంపులకు పంపారు. డాక్టరు బూజెక్ 1940 సెప్టెంబర్ 24న డాహావ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు. పుట్టింది ఆస్ట్రియాలో, సభలో కూర్చుంది చెకోస్లొవేకియాలో, 1938లో పోలండ్, 1939లో జర్మనీ. ఉన్న నేల కదలకుండానే నాలుగు రాజ్యాలు ఆయన మీదుగా వెళ్లాయి.

ఆ పాఠకుడు అడగొచ్చు, ఆయన వైద్యం మాత్రమే చేసుకుంటూ ఉంటే బతికేవాడు కదా అని. నిజమే కావచ్చు. నేను ఆ కోణంలో చాలాసేపు ఆలోచించాను. ఆలోచిస్తుంటే నాకు గుర్తొచ్చింది ఒక్కటే, అది కూడా రాసేస్తాను.

ఎనభైల చివర్లో, నేను కొత్తగా చేరిన రోజులు. ఆసుపత్రి పేరు అనవసరం. ఒక రాత్రి అడవి పల్లె నుంచి ఒక కోయ అమ్మాయిని ఎడ్లబండి మీద తెచ్చారు. నిండు చూలాలు. తెచ్చినవాళ్లు బయటే ఆగిపోయారు. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటోంది. నాకు కోయ రాదు. నేను తెలుగులో నొప్పికి ఉన్న మాటలన్నీ అడిగాను. పోటా, మంటా, సలుపా, గుంజుతోందా, తిమ్మిరా? తెలుగులో మనకెన్ని మాటలున్నాయో చూడండి, ఒక్కో మాటకు ఒక్కో జబ్బు పట్టుకోవచ్చు. ఆమెకు అవేవీ పట్టలేదు. నొప్పులు మొదలయ్యాయేమో అనుకుని, ఇంకా టైముందని, సెలైన్ పెట్టించి పక్క వార్డుకు వెళ్లాను. తెల్లవారుజామున డ్యూటీ మారినప్పుడు వచ్చిన వార్డు ఆయా కోయ ఆవిడ. మంచం దగ్గర ఒక్క నిమిషం నిలబడి పరుగున నా దగ్గరికి వచ్చింది. "సార్, ఆమె నొప్పి అంటలేదు. నిన్న పొద్దుగూకినప్పటి నుంచి బిడ్డ కదుల్తలేదు అంటోంది" అంది.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ అమ్మాయి తన సంగతి స్పష్టంగా చెప్పింది, రాత్రంతా చెప్పింది. వినే చెవి నాకు లేదు. దౌబ్రవాలో ఆ తాతగారు "మా నాన్న వాళ్ల డాక్టరు" అన్నప్పుడు, ఆ "వాళ్ల" అనే మాటలో ఏముందో నాకు ఈ అనుభవం వల్లే అర్థమైంది. కోన్స్కా పల్లెలో పుట్టిన డాక్టరుకు తన రోగి "మన తీరుగా" ఒక్కసారి చెబితే సరిపోయేది. ఆ చెవితోనే ఆయన ప్రేగ్‌కు వెళ్లాడు. రోగిని మంచం మీద వదిలేసి వెళ్లాడని నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు ఆ ప్రాంతంలో పరిస్థితి మెరుగే. ఊళ్లో కనీసం పది శాతం పోలిష్ వాళ్లుంటే బోర్డులు రెండు భాషల్లో పెట్టుకునే వీలు చెక్ చట్టంలో ఉంది. చెస్కీ త్యెషీన్ స్టేషన్లో రైలు దిగితే రెండు పేర్లూ కనబడతాయి. పోలిష్ బళ్లున్నాయి, పోలిష్ పత్రిక వస్తోంది. అప్పుడప్పుడు ఎవరో రాత్రిపూట పోలిష్ పేరు మీద రంగు పూస్తారట, పొద్దున్నే తుడుస్తారట. హోసూరు వైపు తెలుగువాళ్లకు ఇలాంటి బాధ కొత్తేం కాదు, 2006లో తమిళనాడు తమిళాన్ని బళ్లలో తప్పనిసరి చేసిన దగ్గర్నుంచి తెలుగు పాఠం కోసం వాళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. అక్కడ మనం తక్కువమందిమి, ఇక్కడ ఏజెన్సీలో మనమే ఎక్కువమందిమి. అక్కడ మనకు ఏం కావాలని అడుగుతున్నామో ఇక్కడ కోయ, గోండు వాళ్లకు అది ఇస్తున్నామా అని నన్ను నేను అడుక్కుంటే తల వంగిపోతోంది. రాజ్యాంగం 350ఎ అధికరణ చిన్న పిల్లలకు మాతృభాషలో చదువు ఏర్పాటు చేయాలంటుంది. ఆసుపత్రి మంచం దగ్గర మాతృభాష గురించి అందులో మాట లేదు.

అందుకని ఆ పాఠక మిత్రుణ్ని నేను కోరేది ఇది. డాక్టర్లను రాజకీయాలకు దూరంగా ఉంచమని కాకుండా, ఏజెన్సీ ఊళ్ల నుంచి ఎంబీబీఎస్ చదివి వచ్చిన పిల్లల్లో ఎవరైనా రేపు ఎన్నికల్లో నిలబడతానంటే వాళ్లను ఒకసారి పిలిచి మాట్లాడండి. వాళ్లు రోగితో ఏ భాషలో మాట్లాడతారో అడగండి. మీ పత్రిక కూడా ఏజెన్సీ ఆసుపత్రుల్లో రోగి భాష తెలిసిన మనిషి ఇరవై నాలుగు గంటలూ ఉండాలని రాయాలి, పెద్దగా రాయాలి.

ఆ ఆయా రిటైరై పదేళ్లు దాటింది. ఆమె ఉద్యోగం పేరు వార్డు ఆయా, జీతం దానికే. దుబాసీ అనే పోస్టు మాకు ఎన్నడూ లేదు. ఆమె సర్వీసంతా రోజుకు పదిసార్లు మంచాల మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసింది. ఆ పని ఏ రిజిస్టర్లోనూ రాయలేదు. మీ పేజీలో రెండు లైన్లు దొరికితే ఆ పని ఇక్కడ రాసిపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గని వైద్యుడు
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా